పాత సైన్స్ ఫిక్షన్ సీరీస్‌కి కొత్త పైలట్: "రోజ్" ఎపిసోడ్ పక్కన పెట్టుకుని సరిచేసిన ఒక స్క్రిప్ట్ కేసు

నేను చేసేది స్క్రిప్ట్ కన్సల్టింగ్. వేరేవాళ్లు రాసుకున్న స్క్రిప్ట్ ఎక్కడో ఆగిపోతే వాళ్లతో సిట్టింగ్స్‌లో కూర్చుని అసలెక్కడ ఆగిందో వెతకడం, అంతే. ఈ కేసు రాయడానికి కారణం ఏంటంటే, ఎప్పుడో ఆగిపోయిన సీరీస్‌ని మళ్లీ తీసేవాళ్లలో చాలామంది మొదటి ఎపిసోడ్ దగ్గరే తడబడుతున్నారు, పైగా అందరూ దానికి "పేస్ తక్కువైంది" అనే పేరే పెడుతున్నారు. సీరీస్ పేరు, భాష, ఛానల్ ఏవీ చెప్పను. కథలో వస్తువులు, పాత్రల పనులు కూడా గుర్తుపట్టకుండా మార్చేశా, టీమ్‌ని అడిగాకే రాస్తున్నా.

నేపథ్యం

ఒకప్పుడు బాగా ఆడిన సైన్స్ ఫిక్షన్ సీరియల్. అందులో ఒక ముసలి మెకానిక్ ఉంటాడు, తనంతట తాను కదిలే ఒక షెడ్డులో గ్రహం గ్రహం తిరుగుతూ పాడైన యంత్రాలు బాగుచేస్తుంటాడు. అతన్ని పంపేది ఒక సంఘం, ఆ సంఘంలోనే ఒక ద్రోహి, చివరి సీజన్‌లో ఆ ద్రోహి వల్ల షెడ్డు ఎక్కడో చిక్కుకుపోతుంది, అక్కడితో ఛానల్ సీరియల్ ఆపేసింది. అంటే కథ ముగియకుండానే ఆగిపోయింది. చాలా ఏళ్ల తర్వాత హక్కులు కొనుక్కున్న ప్రొడ్యూసర్, ఇద్దరు రైటర్లు కలిసి కొత్త సీజన్ మొదలుపెట్టారు. రైటర్లిద్దరూ చిన్నప్పుడు ఆ సీరియల్ చూసి పెరిగినవాళ్లే, ప్రేమ మామూలుగా లేదు, ఆ ప్రేమే పైలట్ (మొదటి ఎపిసోడ్) నిండా ఉంది.

పైలట్ ఎలా మొదలయ్యేదంటే, మెకానిక్ వాయిస్ ఓవర్. సంఘం ఎలా పుట్టింది, ద్రోహి ఎవడు, షెడ్డు ఎందుకు చిక్కుకుంది, ఇన్నేళ్లు ఏమైంది, ఇదంతా విజువల్స్ మీద చెప్పేసి, షెడ్డుని అక్కడి నుంచి బయటికి తీసి, ఆ తర్వాత కొత్త కథలోకి వచ్చేవాళ్లు. చదవడానికి బాగానే ఉంది, రాసిన చెయ్యి మంచిది, ఆ విషయంలో అనుమానం లేదు.

వచ్చిన సమస్య

వాళ్లు స్క్రిప్ట్‌ని రెండు రకాలవాళ్లతో చదివించారు. పాత సీరియల్ చూసినవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారట. అసలు చూడనివాళ్లు మధ్యలోనే ఆపేశారు, కొందరు మర్యాదకి చివరిదాకా చదివి "బావుంది కానీ స్లో" అన్నారు. ప్రొడ్యూసర్ నా దగ్గరికి వచ్చేసరికి ఆయన నిర్ణయం అయిపోయింది, ఓపెనింగ్‌లో ఒక ఛేజ్ పెట్టాలి, పేస్ పెంచాలి.

నాకు అక్కడే అనుమానం వచ్చింది. పేస్ నిజంగా తక్కువైతే రెండు గుంపులకీ తక్కువగానే అనిపించాలి కదా, పేజీలు అవే, సీన్ల నిడివి అదే. ఒక గుంపు ఏడుస్తోంది, ఇంకో గుంపు ఆవలిస్తోంది అంటే తేడా స్పీడులో లేదు, చదివేవాడు లోపలికి ఏం తెచ్చుకున్నాడు అన్న దాంట్లో ఉంది. పాత ప్రేక్షకుడి దగ్గర ముందే ఒక ప్రశ్న ఉంది, "షెడ్డు ఏమైంది?" అని ఏళ్ల తరబడి మోస్తున్నాడు, అందుకే వాడికి ఆ వాయిస్ ఓవర్ జవాబులా తగిలింది. కొత్తవాడి దగ్గర ఆ ప్రశ్న లేదు. అడగని ప్రశ్నకి జవాబు చెప్తే అది పాఠం చెప్పినట్టే ఉంటుంది, ఎంత బాగా చెప్పినా.

అలా అని ఛేజ్ వద్దని కూడా చెప్పలేదు. ముందు తేలిగ్గా అయ్యేవి చేసి చూద్దాం, ఏది ఫెయిలైందో చూస్తే రోగం ఎక్కడుందో తెలుస్తుంది అన్నాను, ప్రొడ్యూసర్‌కి కూడా అది నచ్చింది, ఖర్చు లేదు కాబట్టి.

ఏం చేసి చూశాం, ఏది పనిచేయలేదు

మొదట వాయిస్ ఓవర్‌ని బాగా కుదించారు. పొడుగు వల్లే బోర్ కొడుతోందేమో అన్న ఆలోచన, సబబే. కానీ కుదించినప్పుడు పోయింది వర్ణన, మిగిలింది పేర్లు. సంఘం పేరు, ద్రోహి పేరు, గ్రహం పేరు, యుద్ధం పేరు, అన్నీ అరపేజీలో వరసగా. కొత్తవాళ్లు ఇంకా ఎక్కువ తికమకపడ్డారు. దీన్నిబట్టి నిడివి సమస్య కాదని తేలింది.

తర్వాత ఎదురు దారి. పాతదంతా తీసేద్దాం, మెకానిక్ ఎవరో చెప్పొద్దు, మిస్టరీగా ఉంచుదాం. రైటర్లలో చిన్నాయనకి ఇది చాలా నచ్చింది. చదివినవాళ్లకి కన్‌ఫ్యూజన్ పోయింది, నిజమే, కానీ ఆసక్తి కూడా పోయింది. ఒక ముసలాయన వస్తాడు, వింతగా మాట్లాడతాడు, యంత్రం బాగుచేస్తాడు, వెళ్లిపోతాడు. ఎవరైతే నాకేంటి? దాచిపెడితే చాలు మిస్టరీ అయిపోతుంది అనుకుంటారు గానీ, తెలుసుకోవాలని తెర మీద ఎవరో ఒకరు తంటాలు పడకపోతే అక్కడ ఏదో దాచారన్న సంగతే ఎవరికీ తెలీదు.

మూడోది అందరూ చేసేదే, కొత్త పాత్రని తేవడం. కోల్డ్ స్టోరేజ్‌లో నైట్ షిఫ్ట్ చేసే ఒక అమ్మాయి. ఆమె కళ్లతో చూపిస్తాం, ఆమెకి ఏమీ తెలీదు కాబట్టి అడుగుతుంది, అడిగింది కాబట్టి మెకానిక్ చెప్తాడు, సమాచారం సహజంగా వస్తుంది. కాగితం మీద సమస్య తీరిపోయినట్టే కనిపించింది, అందుకే ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన వెర్షన్. చదివితే ఆ అమ్మాయి మనిషిలా లేదు, ఇంటర్వ్యూ చేసే యాంకర్‌లా ఉంది. "ఇదేంటి?" "మీరెవరు?" "ఈ షెడ్డు ఎలా కదులుతుంది?" పేజీకో ప్రశ్న. ప్రశ్న ఉంది కానీ ఆ ప్రశ్న వెనక అవసరం లేదు. జవాబు దొరక్కపోతే ఆమెకి పోయేదేం లేదు, షిఫ్ట్ అయిపోతే ఇంటికెళ్లి పడుకుంటుంది.

ఈ స్టేజ్‌లోనే నేను "రోజ్" మళ్లీ చూద్దాం అన్నాను.

ఎందుకు ఆ ఎపిసోడే

తెలియనివాళ్ల కోసం కొంచెం. బ్రిటన్‌లో బీబీసీ వాళ్ల "డాక్టర్ హూ" (కాలంలోనూ గ్రహాల మధ్యా తిరిగే, చనిపోయే స్థితిలో కొత్త ముఖంతో లేచే డాక్టర్ అనే గ్రహాంతరవాసి కథ) 1963 నవంబర్ 23న మొదలై 26 సీజన్లు నడిచి 1989 డిసెంబర్‌లో ఆగింది. 1996లో అమెరికా వాళ్లతో కలిసి ఒక టీవీ సినిమా తీశారు, అది సీరీస్‌గా మారుతుందనే ఆశతో, మారలేదు. తర్వాత 2003లో మళ్లీ తీస్తామని ప్రకటించి, బీబీసీ వేల్స్ నుంచి రస్సెల్ టి. డేవీస్ షోరన్నర్‌గా (సీరీస్ మొత్తాన్ని నడిపించే ప్రధాన రైటర్) 2005 మార్చి 26 శనివారం సాయంత్రం మొదటి ఎపిసోడ్ వేశారు. దాని పేరే "రోజ్". రాసింది డేవీస్, డైరెక్షన్ కీత్ బోక్, డాక్టర్‌గా క్రిస్టఫర్ ఎక్లెస్టన్, రోజ్ టైలర్‌గా బిల్లీ పైపర్. దాదాపు 1 కోటి 8 లక్షల మంది చూశారు. అంతకు కొద్ది వారాల ముందే ఎపిసోడ్ ఇంటర్నెట్‌లో లీకైపోయింది, అయినా సరే.

అది గొప్ప ఎపిసోడ్ కాబట్టి పెట్టుకోలేదు. నిజం చెప్పాలంటే అది డాక్టర్ హూ బెస్ట్ ఎపిసోడ్లలో ఒకటని నేను అనను. పెట్టుకున్నది ఎందుకంటే ఒకే సీరీస్‌ని రెండుసార్లు బతికించే ప్రయత్నం జరిగింది, రెండూ రికార్డులో ఉన్నాయి, రెండూ ఎదురెదురు దారుల్లో మొదలయ్యాయి. ఇలాంటి పోలిక చాలా అరుదుగా దొరుకుతుంది.

ముందు 1996 సినిమా మొదటి నిమిషాలు చూపించా. పాల్ మెక్‌గాన్ వాయిస్ ఓవర్, స్కారో అనే గ్రహం, మాస్టర్ అనే పాత శత్రువు, అతనికి విచారణ, శిక్ష, అస్థికలు తీసుకెళ్తున్న డాక్టర్, అది కూడా పాత డాక్టర్ సిల్వెస్టర్ మెకాయ్. ఆయన కాసేపు కనిపించి శాన్ ఫ్రాన్సిస్కోలో దిగగానే తూటాలు తగిలి ఆస్పత్రిలో చనిపోయి కొత్త ముఖంతో లేస్తాడు. అభిమానికి పండగ. మొదటిసారి చూసేవాడికి మాత్రం ఒక హీరోని పరిచయం చేసి, చంపేసి, ఇంకొకర్ని ఇచ్చి, ఇద్దరూ ఒకరే నమ్ము అన్నట్టు. బ్రిటన్‌లో 90 లక్షల మందికి పైగా చూశారు గానీ అమెరికాలో నిలబడలేదు. మా రైటర్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, వాళ్ల వాయిస్ ఓవర్ ఇదే, పేర్లు మార్చి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఓపెనింగ్ వల్లే ఆ సినిమా సీరీస్ కాలేదని నేను అనడం లేదు, ఛానల్ వ్యవహారాలు, ఏ రోజు ఏ షోకి ఎదురుగా వేశారు, బోలెడుంటాయి. చూడాల్సింది ఆ ఓపెనింగ్ ఎవరికోసం రాశారు అన్నది.

"రోజ్"లో ఏం చూశాం

రైటర్లకి ఒక్క పనే ఇచ్చా. ఎపిసోడ్ చూస్తూ, డాక్టర్ గురించిగానీ ఆ ప్రపంచం గురించిగానీ కొత్త సంగతి వచ్చిన ప్రతిచోటా ఆపండి. ఆపి రెండే రాయండి, దీన్ని ఎవరు అడిగారు, అడిగేముందు వాళ్లకి ఏం జరిగింది.

మొదలు చంద్రుడు, భూమి, అక్కడినుంచి కెమెరా సర్రున కిందకి దిగి ఒక బెడ్‌రూమ్‌లో అలారం గడియారం. రోజ్ లేస్తుంది, అమ్మకి బై చెప్తుంది, హెన్రిక్స్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో పనికి వెళ్తుంది, లంచ్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో బాయ్‌ఫ్రెండ్ మికీతో అల్లరి, షాపు మూసే టైం. మ్యూజిక్ మీద గబగబా వెళ్లిపోతుంది. ఇంతవరకు సైన్స్ ఫిక్షన్ ముక్క లేదు. లాటరీ డబ్బులు విల్సన్ అనే ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వాలని బేస్‌మెంట్‌కి దిగుతుంది. అక్కడ షాపు బొమ్మలు కదులుతాయి, గోడకి అంటుకుపోతుంది, అప్పుడు ఒక చెయ్యి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంటుంది. డాక్టర్ ఆమెతో అన్న మొదటి మాట "పరిగెత్తు".

పేరు లేదు, ఊరు లేదు. తర్వాత లిఫ్ట్‌లో ఏం జరుగుతుందో మేం చాలాసేపు చూశాం. వీళ్లెవరు, స్టూడెంట్సా అని రోజ్ అడుగుతుంది. స్టూడెంట్సే ఎందుకనుకున్నావ్ అంటాడు. ఇంతమంది వేషాలేసుకుని పిచ్చి పనులు చేస్తే స్టూడెంట్సే అయ్యుండాలి అంటుంది. మంచి లాజిక్, శభాష్ అంటాడు. థాంక్స్ అంటుంది. స్టూడెంట్స్ కాదు అంటాడు. ఈ చిన్న ముక్కలో సమాచారం సున్నా, కానీ ఆమె అడగడం లేదు, ఆలోచిస్తోంది, తన ప్రపంచానికి సరిపోయే వివరణ తనే కట్టుకుంటోంది. మా అమ్మాయి పాత్రలో లేనిది ఇదే. "ఇదేంటి" అనే మనిషికీ, "ఇది ఫలానా అయ్యుంటుంది కదా" అనే మనిషికీ చాలా దూరం. రెండోవాళ్ల దగ్గర తప్పు తేలినప్పుడు ప్రేక్షకుడు కూడా ముందుకి వంగుతాడు.

ఇంకో చోట. డాక్టర్ ఆమెని బయటికి పంపి తలుపు వేసేస్తాడు. మళ్లీ తలుపు తీసి, అన్నట్టు నా పేరు డాక్టర్, నీ పేరేంటి అని అడుగుతాడు. అప్పటికి ఆమె ప్రాణం ఒకసారి కాపాడాడు, ఇప్పుడు ఆ బిల్డింగ్ పేల్చబోతున్నాడు. ఇంత అయ్యాక వచ్చింది ఆ పేరు. ఆ పేలుడుతో ఆమె ఉద్యోగం పోయింది. మర్నాడు ఆమె డాక్టర్ వెంట పడడానికి కారణం వింత మీద ఆసక్తి ఒక్కటే కాదు, తన రోజువారీ బతుకుని ఎవడో పేల్చేసి నవ్వుతూ వెళ్లిపోయాడు, వాడెవడో తెలియాలి.

క్లైవ్ సీన్ దగ్గర రైటర్లలో పెద్దాయన ఎపిసోడ్ ఆపి కాసేపు మాట్లాడలేదు. క్లైవ్ అంటే డాక్టర్ గురించి వెబ్‌సైట్ నడిపే మనిషి, ఇంటి షెడ్డు నిండా కాగితాలు. కెన్నెడీ హత్య దగ్గర డాక్టర్ ఫొటో, టైటానిక్, క్రాకటోవా, అన్నీ చూపిస్తాడు. ఎపిసోడ్‌లో పెద్ద బ్యాక్‌స్టోరీ సీన్ ఇదే. అయితే రోజ్ అతన్ని నమ్మదు, పిచ్చోడనుకుంటుంది. పైగా ఇతను లోపల చెప్తున్నప్పుడే బయట కార్లో ఎదురుచూస్తున్న మికీని ఒక ప్లాస్టిక్ చెత్త డబ్బా మింగేస్తుంది. అంటే వివరణ ఇచ్చేవాడి మాట మీద నమ్మకం లేదు, ఆ టైంలో బయట ప్రమాదం నడుస్తోంది. మామూలుగా చెప్తే చచ్చిపోయే సీన్ ఈ రెండిటి వల్ల నిలబడింది. క్లైవ్ పాత అభిమానికి ప్రతినిధి అని చాలామంది అంటారు, నాకూ అలాగే అనిపిస్తుంది. చివర్లో షాపింగ్ వీధిలో బొమ్మలు అద్దాలు పగలగొట్టుకుని వస్తుంటే తను చదివిందంతా నిజమేనని అతనికి తెలుస్తుంది, ఆ వెంటనే చనిపోతాడు. పెద్దాయనకి ఇది గుచ్చుకుంది. అభిమానిగా కథ లోపలికి రాసుకున్నది తననే అని ఆయనకి అర్థమైంది, నేను పొడిగించలేదు.

ఇక టార్డిస్. బయట పోలీస్ బాక్స్, లోపల పెద్ద నౌక, ఆ సీరీస్‌లో అన్నిటికంటే పేరున్న వస్తువు. దాని లోపలికి రోజ్ వెళ్లేది దాదాపు సగం ఎపిసోడ్ అయ్యాక, అది కూడా తల తెగిన ప్లాస్టిక్ మికీ (మికీ స్థానంలో వచ్చిన నకిలీ) తరుముతుంటే. లోపలికెళ్లి, బయటికొచ్చి, చుట్టూ తిరిగి, మళ్లీ లోపలికి. ఎక్కడ మొదలుపెడదాం అని డాక్టరే అడుగుతాడు. లోపల బయటకంటే పెద్దదా? అవును. ఇది వేరే గ్రహానిదా? అవును. నువ్వూ వేరే గ్రహమా? అవును. 26 ఏళ్ల పురాణం మూడు "అవును"లు. ఆ తర్వాత ఆమె ఏడుస్తుంది, మికీని చంపేశారా అని. ఆ సంగతి డాక్టర్ ఆలోచించనే లేదు, ఆమెకి కోపమొస్తుంది. మనం ఎదురుచూసిన అద్భుతం ఆమెకి రెండో విషయం.

డాక్టర్ గతంలో జరిగిన పెద్ద యుద్ధం సంగతి మరీ తక్కువ. షాపు బొమ్మల్ని ఆడించే నెస్టీన్ అనే గ్రహాంతర జీవి ముందు నిలబడి తప్పు తనది కాదని, యుద్ధంలో తనూ ఉన్నానని, మీ లోకాన్ని కాపాడలేకపోయానని అరుస్తాడు, అంతే. యుద్ధం పేరు మూడో ఎపిసోడ్‌లో తెలుస్తుంది. డాక్టర్ గ్రహం పేరు గాలిఫ్రే కొత్త సీరీస్‌లో మొదట వినిపించింది 2006 క్రిస్మస్ ఎపిసోడ్‌లో. ముఖం మారే సంగతి ఇందులో ఎవరూ చెప్పరు, అద్దంలో చూసుకుని చెవుల గురించి ఒక మాట అంటాడు, తెలిసినవాడికి తెలుస్తుంది, తెలియనివాడికి జోక్.

విలన్‌గా పెట్టింది ఆటాన్లని, అంటే ఆ కదిలే ప్లాస్టిక్ బొమ్మల్ని, 1970 జనవరిలో "స్పియర్‌హెడ్ ఫ్రమ్ స్పేస్" కథలో వచ్చినవాళ్లు. ఆ సీరీస్‌లో అన్నిటికంటే పేరున్న శత్రువులు డాలెక్‌లు ఆరో ఎపిసోడ్‌దాకా రారు. దీన్ని పూర్తిగా తెలివి ఖాతాలో వేయకూడదు, 2004లో డాలెక్‌ల హక్కుల మీద పంచాయితీ కూడా నడిచింది. కానీ ఎంపిక ఫలితం చూడండి, ఆటాన్‌ని అర్థం చేసుకోవడానికి చరిత్ర అక్కర్లేదు, షాపు బొమ్మ కదిలితే భయం, అంతే. 1970లో అద్దం పగలడం తెరమీద చూపలేదు, శబ్దంతో సరిపెట్టారు, 2005లో చూపించారు, పాతవాళ్లకి అదొక బహుమతి, కొత్తవాళ్లకి మామూలు సీన్.

చివరికి మేం ఒక మాట దగ్గరికి వచ్చాం. ఈ ఎపిసోడ్ 1989లో ఆగిన చోట నుంచి మొదలవలేదు, 1963లో మొదలైన చోట నుంచి మొదలైంది. అప్పుడు కూడా మొదటి ఎపిసోడ్‌లో ఇద్దరు టీచర్లు, తమ క్లాసులో ఒక అమ్మాయికి తెలియకూడనివి తెలుస్తున్నాయని కంగారుపడి ఆమె వెనక వెళ్తారు, అలా పోలీస్ బాక్స్ దొరుకుతుంది.

వదిలేసినవి

అన్నీ తీసుకోలేదు. చెత్త డబ్బా త్రేన్చడం, అది పిల్లలకి నచ్చుంటుంది, నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, వేరే కారణంతో. ఎదురుగా కూర్చున్న నకిలీ మికీ మెరుస్తూ మాట తడబడుతూ ఉంటే రోజ్ గమనించకపోవడం కూడా కుదరలేదు, అంత ఆలోచించే అమ్మాయి ఇక్కడ మాత్రం ఎందుకు చూడదు? నెస్టీన్ ఎందుకొచ్చిందన్నది రెండు వాక్యాల్లో హడావుడిగా అయిపోతుంది. మికీ పాత్రని కూడా పిరికివాడిగా తోసేశారు, ఇక్కడే మా స్క్రిప్ట్‌కి ఒక హెచ్చరిక ఉంది, ఎందుకంటే మా అమ్మాయి తమ్ముడు కూడా ఆమెని వెనక్కి లాగడానికి మాత్రమే ఉన్నాడు.

ఏం పనిచేసింది

ఆమెకి మెకానిక్ ఎవరో తెలియాల్సిన అవసరం ఏంటి? ఈ ఒక్క ప్రశ్న మీద చాలా వాదనలు నడిచాయి. ప్రాణభయం అన్నారు, అది అందరికీ ఉంటుంది. చనిపోయిన నాన్నతో సంబంధం అన్నారు, వద్దన్నా, అది మళ్లీ ఇంకో బ్యాక్‌స్టోరీ. చివరికి చిన్నాయన దగ్గర్నుంచి వచ్చింది, గేటు దగ్గర ఉండే విజిటర్స్ రిజిస్టర్.

కథ ఇలా మారింది. ఫ్రీజర్‌లో టెంపరేచర్ రీడింగ్ తప్పు చూపిస్తోంది, సరుకు పాడైతే ఆ షిఫ్ట్‌లో సంతకం పెట్టిన ఆమెదే బాధ్యత. ఎవరూ పిలవకుండా ఒక ముసలాయన వచ్చి, వాళ్ల లిస్టులో లేని ఒక యంత్రం దగ్గర కూర్చుని విప్పుతుంటాడు. ఆమెకి ఆయన రహస్యం అక్కర్లేదు, రిజిస్టర్‌లో ఎంట్రీ కావాలి, లేకపోతే రేపు ఉద్యోగం పోతుంది. అప్పుడు సీన్:

"పేరు రాయండి."

"మెకానిక్."

"అది పని సార్. పేరు."

"పేరూ అదే."

"కంపెనీ?"

ఆయన పెన్ను ఆగుతుంది. "ఉండేది" అంటాడు.

"ఏ ఏజెన్సీ మూసేశారో చెప్పండి చాలు, నేను రాసుకుంటా."

సంఘం గురించి పైలట్‌లో ఉన్నది ఆ "ఉండేది" ఒక్కటే, దాని మీద ఆమె వేసిన తప్పు అంచనా ఒకటి. పాత ప్రేక్షకుడు అక్కడ గుండె పట్టుకుంటాడు, కొత్తవాడు ఏజెన్సీ ఏదో మూసేసినట్టున్నారు అనుకుని ముందుకెళ్తాడు, ఇద్దరూ ఒకే స్పీడులో వెళ్తారు. లిఫ్ట్ సీన్ నుంచి తీసుకున్నది ఇదే, ఆమె అడిగి ఊరుకోకుండా తనే ఒక లెక్క కట్టుకోవడం.

రిజిస్టర్‌లో చివరి కాలమ్ వెళ్లిన టైం. ఆయన వెళ్లిపోయాక ఆమె చూస్తే, వచ్చిన టైం కంటే ముందు టైం రాసుంది. షెడ్డు కాలంలో కూడా తిరుగుతుందన్న సంగతి పైలట్‌లో ఎవరూ నోటితో చెప్పరు. తప్పు రాశాడని ఆమె కొట్టేయబోతుంది, సీసీటీవీలో చూస్తే ఆ టైంకి ఆయన నిజంగానే బయటికెళ్తూ కనిపిస్తాడు.

విలన్‌ని మార్చాం. పాత సీరియల్ ప్రధాన శత్రువుని పక్కనపెట్టి, ఒకే ఒక్క కథలో వచ్చిన చిన్న జీవిని తీసుకున్నారు, యంత్రాల చప్పుడులో దాక్కుని మనుషుల గొంతులు అనుకరించేది. చూడగానే అర్థమవుతుంది. రైటర్లు పెట్టుకున్న పరీక్ష సింపుల్, దీన్ని ఒక్క వాక్యంలో చెప్తే పాత సీరియల్ పేరెత్తాల్సి వస్తోందా? వస్తే మొదటి ఎపిసోడ్‌లో వద్దు. తమ్ముడికి కూడా ఒక పని దొరికింది, అక్క గొంతుకీ ఆ జీవి గొంతుకీ తేడా కనిపెట్టేది వాడే, ఫోన్‌లో.

ఫలితం, మిగిలిన గొడవ

మళ్లీ రెండు గుంపులకీ ఇచ్చారు, ఈసారి రెండో గుంపులో కొత్తవాళ్లని పెట్టారు, పాత డ్రాఫ్ట్ చదివినవాళ్లకి కథ కొంత తెలిసిపోయి ఉంటుంది కదా. చదివాక వాళ్లు అడిగిన ప్రశ్న "కంపెనీ ఏమైంది?" సరిగ్గా పాత ప్రేక్షకుడు మోసుకొచ్చిన ప్రశ్నే, ఇప్పుడు కొత్తవాళ్ల దగ్గర కూడా ఉంది. ప్రొడ్యూసర్ ఛేజ్ మాట మళ్లీ ఎత్తలేదు.

పాతవాళ్లలో కొందరికి మాత్రం కోపమొచ్చింది, షెడ్డు ఎలా బయటపడిందో చెప్పలేదని. ఆ కోపం న్యాయమైనదే. దాన్ని తీర్చడానికి పైలట్‌లో ఒక లైన్ పెడదామని పెద్దాయన చాలా ప్రయత్నించారు, ఏ లైన్ పెట్టినా రిజిస్టర్ సీన్ బరువెక్కిపోతోంది. నా సలహా, అప్పు ఉంచండి కానీ తీర్చే తేదీ దగ్గర్లో పెట్టండి. డేవీస్ కూడా యుద్ధం పేరుని రెండు వారాలకే మూడో ఎపిసోడ్‌లోనే ఇచ్చేశాడు, సీజన్ చివరిదాకా సాగదీయలేదు.

తర్వాత ఛానల్ నుంచి నోట్ వచ్చింది, ఓపెనింగ్‌లో ఒక చిన్న వాయిస్ ఓవర్ ఉంటే "క్లారిటీ" ఉంటుందని. ఇలాంటి నోట్‌తో సిద్ధాంతం మాట్లాడితే ఓడిపోతాం. టీమ్ వాయిస్ ఓవర్ ఉన్నది, లేనిది, రెండు వెర్షన్లూ పంపి, ఛానల్ వాళ్లనే పాత సీరియల్ తెలియని తమ స్టాఫ్‌తో చదివించమన్నారు. లేనిదే ఖాయమైంది, అయితే ఒక షరతు మీద, షెడ్డు లోపలి భాగం మొదటి ఎపిసోడ్‌లో కనిపించాలి. అది మంచి షరతే, మేమే పెట్టుకోవాల్సింది. ఆ అమ్మాయి పెన్ను వెనక్కి అడగడానికి షెడ్డు తలుపు కొడుతుంది, తలుపు తెరుచుకుంటుంది. పాత వాయిస్ ఓవర్ పేజీలు ఇప్పుడు రెండో ఎపిసోడ్ ఫైల్లో ఉన్నాయి, వాటిని మెకానిక్ చెప్పడు, ఆ ద్రోహి తన వైపు నుంచి ఆ అమ్మాయికి చెప్తాడు, ఆమె నమ్మాలో వద్దో తేల్చుకోవాలి. ఆ డ్రాఫ్ట్ మీదే ప్రస్తుతం సిట్టింగ్స్ నడుస్తున్నాయి.